మైకుసెట్టులో గిటారు: మోత ఎందుకు వదులవుతుంది?

సంగీతం మీద మోజున్న కుర్రాళ్లు అడిగే ప్రశ్న ఇది. "తాతల కాలం నాటి వాల్వుల మైకుసెట్టు ఒకటి అటక మీద ఉంటే దింపి బాగు చేయించాం. పాత హారన్ తగిలించి గిటారు వాయిస్తే స్వరం ఖంగుమంటోంది. కాకపోతే మరీ సన్నగా ఉందని 12 అంగుళాల స్పీకరున్న పెట్టె తగిలించాం. ఇప్పుడు లావు తీగ మీటితే చాలు, అంతా గుబగుబ. సెట్టు అదే, గిటారు అదే. మరి స్వరం ఎందుకింత వదులైపోయింది?"

ఆర్మూరు నుంచి మెట్‌పల్లి వెళ్లే 63వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న మోర్తాడ్‌లోనే కాదు, నిజామాబాద్, బోధన్ చుట్టుపక్కల ఏ పెద్ద ఊరికి పోయినా ఇలాంటి సెట్టు ఎక్కడో ఒకచోట దొరికే అవకాశం ఉంది. పెళ్లికీ, జాతరకూ, వినాయక చవితి పందిరికీ, ఎన్నికల ప్రచారానికీ ఒకప్పుడు వాల్వుల సెట్లే దిక్కు. ట్రాన్సిస్టర్లు వచ్చాక అవి మూలపడ్డాయి. గిటారు వాయించేవాళ్లు మాత్రం ప్రపంచమంతటా వాల్వును వదల్లేదు. అమెరికాలో ఫెండర్, ఇంగ్లండులో మార్షల్, వాక్స్ కంపెనీలు పేరు తెచ్చుకున్నది వాల్వుల ఆంప్లిఫయర్లతోనే. మన మైకుసెట్టుకూ వాటికీ లోపలి సూత్రం ఒకటే, చాలాసార్లు వాల్వుల నంబర్లు కూడా ఒకటే. అమెరికాలో ఆర్‌సీఏ కంపెనీ 1936లో తెచ్చిన 6ఎల్6 ఉపన్యాసాలనూ మోసింది, గిటారునూ మోసింది. కాబట్టి ఆ కుర్రాళ్ల ప్రశ్నకు జవాబు వెతికితే వాల్వుల గిటారు ఆంప్లిఫయర్ ఏదైనా ఎందుకు వదులవుతుందో, దాన్ని ఎలా బిగించుకోవాలో తెలుస్తుంది.

బిగువు అంటే కాలం

స్వరం బిగువుగా ఉందని ఎప్పుడంటాం? తీగ మీటిన క్షణంలోనే మోగాలి. అరచేతి అంచు తీగల మీద ఆనించగానే ఆగాలి. ఈ రెండింట్లో ఏది ఆలస్యమైనా చెవికి వదులుగా తోస్తుంది. అంటే బిగువు మోత పరిమాణానికి సంబంధించింది కాదు, కాలానికి సంబంధించింది. ఆ కాలం కూడా సెకనులో వెయ్యో వంతుల లెక్క.

గిటారులో అన్నిటికన్నా లావు తీగ సెకనుకు సుమారు 82 సార్లు కంపిస్తుంది. దీన్నే 82 హెర్ట్జ్ అంటారు. దాని తర్వాతి తీగలు వరసగా 110, 147, 196, 247, 330. లావు తీగ ఒక్కసారి అటూ ఇటూ ఊగడానికి సెకనులో 12 వెయ్యో వంతులు పడుతుంది. ఆంప్లిఫయర్ ఎక్కడైనా 20 వెయ్యో వంతులు తడబడిందంటే ఒకటిన్నర ఊపులకు పైగా కాలం పోయినట్టే.

ఇక హారన్ సంగతి. గొట్టం పొడవూ, నోటి వెడల్పూ ఎంతుంటే అంత కింది స్వరాలను అది పలకగలదు. గుడి మీదా, జీపు మీదా కట్టే మామూలు హారన్లు 250, 300 హెర్ట్జ్ కంటే కిందికి సరిగా పలకవు. మాట అర్థం కావడానికి అంతకంటే అక్కర్లేదు. పాత టెలిఫోను లైన్లను కూడా 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే మోసేలా తీర్చారు. కాబట్టి హారన్‌లో గిటారు వాయించినప్పుడు లావు తీగల అసలు కంపనం బయటికి రానేలేదు. వాటి మీద పుట్టే పై స్వరాలు మాత్రమే విన్నాం, ఖంగుమందని మురిసిపోయాం. పెద్ద స్పీకరు పెట్టేసరికి, సెట్టు లోపల కింది స్వరాలకు మొదటి నుంచీ జరుగుతున్నదంతా బయటపడింది.

వాల్యూమ్ బాగా పెంచి సెట్టును పగిలేలా మోగిస్తే హారన్‌లోనూ ముద్ద వినిపిస్తుంది. కింది స్వరం బయటికి రాకపోయినా, అది లోపల పై స్వరాలను పాడు చేసి పోతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు దీంతోనే పని.

హౌజు, తూము, జాలి

వాల్వు అంటే గాలి తీసేసిన గాజు బుడ్డి. లోపల కాథోడ్ అనే ఒక సన్నని గొట్టం ఎర్రగా కాలుతూ ఉంటుంది. వేడికి దాని ఒంటి మీంచి ఎలక్ట్రాన్లు లేస్తాయి. చుట్టూ ఉన్న లోహపు రేకుకు కొన్ని వందల ధన వోల్టులు పెడితే అవి అటు పరుగెత్తుతాయి. ఇంతవరకు 1904లో ఇంగ్లండులో జాన్ ఫ్లెమింగ్ చేసిన పని. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ ఆ రెండింటి మధ్య సన్నని తీగల జాలి ఒకటి పెట్టాడు. గ్రిడ్ అనేది దాన్నే. జాలికి కాస్త రుణ వోల్టేజి పెడితే ఎలక్ట్రాన్లు వెనక్కి తగ్గుతాయి, ఆ వోల్టేజి తగ్గిస్తే ఉరుకుతాయి. జాలి మీద చిన్న కదలిక, రేకు వైపు పెద్ద ప్రవాహం.

యాసంగి పంటకు నీళ్లు పెట్టేవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. బోరు మోటరు హౌజులోకి నీళ్లు పోస్తుంది. హౌజు తూముకు ఒక పలక ఉంటుంది. పలకను రెండు వేళ్లతో కొంచెం ఎత్తితే కాలువలో బోలెడు నీళ్లు పారతాయి. ఆ వేళ్లలో బలమేమీ లేదు, బలమంతా హౌజులో నిలిచిన నీళ్లది, వాటిని పోసిన మోటరుది. గిటారు నుంచి వచ్చేది వోల్టులో పదో వంతో, అంతకు కొంచెం ఎక్కువో. అది పలకను ఎత్తే వేలు. స్పీకరును ఊపే బలం గిటారుది కాదు, కరెంటుది. మనం వినే స్వరం నిజానికి గోడలోంచి వచ్చిన కరెంటే, గిటారు చెప్పినట్టు ఎగుడుదిగుడులుగా మారి స్పీకరు దాకా వస్తుంది.

ఈ ఒక్క విషయం పట్టుబడితే బిగువు రహస్యం సగం దొరికినట్టే. హౌజులో నీటిమట్టం నిలకడగా ఉంటేనే పలక ఎంత ఎత్తితే అంత నీరు పారుతుంది. మట్టం ఊగిసలాడుతుంటే పలకను ఎంత నేర్పుగా కదిపినా కాలువ మాట వినదు. ఇక పలకను పూర్తిగా ఎత్తేశాక ఇంకా ఎత్తుదామన్నా నీరు పెరగదు. ఆంప్లిఫయర్‌లో ఆ స్థితినే స్వరం పగలడం అంటాం. గిటారిస్టులు కోరి తెచ్చుకునే ఓవర్‌డ్రైవ్ అదే. వాల్వు ఒక్కసారిగా కాకుండా మెల్లగా ఆ హద్దుకు చేరుతుంది కాబట్టి పగిలినా చెవికి ఇంపుగా ఉంటుంది.

మొదట గోడ సాకెట్ చూడండి

స్వరం వదులుగా ఉందనగానే చాలామంది వాల్వులు మార్చడానికి పరుగెడతారు. నేను చెప్పేది, ముందు మీటరు తీసుకుని సాకెట్ దగ్గరికి పొమ్మని. తెలంగాణలో 2018 జనవరి 1న వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇవ్వడం మొదలైంది. ఊరి లైను మీద ఒకేసారి ఎన్ని మోటర్లు నడుస్తాయన్నది కాలాన్ని బట్టీ, వేళను బట్టీ మారుతుంది. చివరి స్తంభం మీద ఉన్న ఇంటికీ, ట్రాన్స్‌ఫార్మర్ పక్కనున్న ఇంటికీ ఒకే వోల్టేజి రాదు.

లెక్క చూద్దాం. 230 వోల్టులకు తయారైన సెట్టుకు 190 అందిందనుకోండి. వాల్వును వేడి చేయడానికి 6.3 వోల్టులు కావాలి, దానికి దక్కేది 5.2. సాధారణంగా పది శాతం హెచ్చుతగ్గును వాల్వు ఓర్చుకుంటుంది, అంటే 5.7 దాకా. 5.2 దగ్గర కాథోడ్ చాలినన్ని ఎలక్ట్రాన్లను వదల్లేదు. రేకుకు 450 వోల్టులు అందాల్సిన చోట సుమారు 372 అందుతాయి. బలం వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి మూడింట రెండు వంతులకు పడిపోతుంది. సెట్టు ముందే అలసిపోతుంది, చిన్న స్వరానికే పగులుతుంది.

పందిట్లో వాయించేటప్పుడు ఇంకో తగులాటం. స్తంభం నుంచి పందిరి దాకా లాగిన వైరు సన్నంగా ఉంటే ఆ వైరే వోల్టేజిని తినేస్తుంది. ఒక చదరపు మిల్లీమీటరు రాగి వైరు వంద మీటర్లు లాగితే, పోను రాను కలిపి దాని నిరోధం మూడున్నర ఓములు. అదే వైరు మీద దీపాలూ, ఫ్యాన్లూ కలిసి పది ఆంపియర్లు లాగుతుంటే 35 వోల్టులు వైరులోనే పోతాయి. సాకెట్‌లో 230 ఉన్నా సెట్టుకు చేరేది 195. ఇక్కడ వేల రూపాయల వాల్వు ఏమీ చేయలేదు, లావు వైరు చేస్తుంది. సెట్టుకు విడిగా ఒక వైరు లాగడం అంతకన్నా మేలు.

గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు తెచ్చిన సెట్టయితే ఇంకో సంగతి చూసుకోవాలి. మన కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది, దుబాయిలోనూ అంతే. సౌదీ అరేబియాలో మాత్రం 60. అమెరికాలోనూ 60. కేవలం 60కే చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్‌ను అదే వోల్టేజి దగ్గర 50కి తగిలిస్తే దాని ఇనుములో అయస్కాంత బలం 20 శాతం పెరుగుతుంది. ఇనుము మోయలేక వేడెక్కుతుంది, గుయ్యిమంటుంది. సెట్టు వెనక రేకు మీద 50/60 అని రాసి ఉంటే చింత లేదు.

గోడ సంగతి తేలాక సెట్టు లోపలి హౌజు. గోడ నుంచి వచ్చేది అటూ ఇటూ ఊగే కరెంటు, వాల్వుకు కావాల్సింది ఒకే దిశలో నిలకడగా ఉండేది. అందుకని రెక్టిఫయర్ దాన్ని ఒకవైపుకు మళ్లిస్తుంది. అప్పుడది సెకనుకు వంద దఫాలుగా వస్తుంది. ఆ దఫాల మధ్య ఖాళీని నింపేది వడపోత కెపాసిటర్. వంద దఫాలు పోసే మోటరు అవతల, ఆగకుండా పారాల్సిన కాలువ ఇవతల, నడుమ ఈ కెపాసిటరే హౌజు.

ఈ హౌజు ఎంత చిన్నదో చూడండి. పాత సెట్లలో అది 50 మైక్రోఫారడ్లు అనుకుందాం. గట్టిగా లావు తీగ మీటితే స్పీకరును నడిపే పవర్ వాల్వులు 200 మిల్లీ ఆంపియర్లు లాగుతాయి. ఒక దఫాకూ ఇంకో దఫాకూ మధ్య సెకనులో వందో వంతు. ఆ లోపల వోల్టేజి దాదాపు 40 వోల్టులు దిగుతుంది, మళ్లీ ఎక్కుతుంది. హౌజును రెట్టింపు చేస్తే దిగేది 20. సన్న తీగలు ఇంతగా కరెంటును లాగవు, అందుకే వాటి స్వరం బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. కింది స్వరాలకే ఈ కష్టం.

హౌజు మట్టం ఊగితే స్వరం వదులు కావడంతో సరిపోదు, దయ్యపు స్వరాలు పుడతాయి. గిటారిస్టులు వాటిని అలాగే పిలుస్తారు. సన్న తీగ ఐదో మెట్టు మీద వేలు పెడితే 440 హెర్ట్జ్ స్వరం. సరఫరాలో 100 హెర్ట్జ్ ఊపు మిగిలి ఉంటే వాల్వు ఆ రెండింటినీ కలిపేస్తుంది. 440లోంచి 100 తీస్తే 340, కలిపితే 540. ఈ రెండు కొత్త స్వరాలూ 440 వెనక సన్నగా మూలుగుతుంటాయి. 340 అనేది 330 దగ్గరి మెట్టుకూ 349 దగ్గరి మెట్టుకూ మధ్య, ఏ మెట్టు మీదా లేని చోటు. 540 కూడా అంతే. గిటారును ఎంత శ్రుతి చేసినా ఆ అపస్వరం పోదు, ఎందుకంటే అది తీగలో లేదు. మెడ పైకి వేలు జరిపి స్వరం పెంచుతున్నప్పుడు వెనక మూలుగు వేరే అంతరంతో నడుస్తున్నట్టు వినిపించిందంటే కెపాసిటర్లు ముసలివయ్యాయని గుర్తు.

అవి నిజంగానే ముసలివవుతాయి. లోపల తడి రసాయనం ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ ఎండిపోతుంది. సెట్టు అడుగు రేకు విప్పి చూస్తే అల్యూమినియం డబ్బా మొదట్లో, కాళ్ల చుట్టూ తెల్లటి పొక్కు కట్టి ఉండడం, రబ్బరు బిరడా ఉబ్బి ఉండడం కనిపిస్తాయి. ముప్పై నలభై ఏళ్లనాటి సెట్టులో పైకి ఏమీ కనిపించకపోయినా వీటిని మార్చడమే మంచిది. నా అభిప్రాయంలో పాత సెట్టుకు పెట్టే ఖర్చులో మొదటి రూపాయి ఇక్కడికే పోవాలి.

రెక్టిఫయర్‌లోనూ రకాలున్నాయి. కొన్ని సెట్లలో ఆ పనీ వాల్వే చేస్తుంది. 5వై3 అనే వాల్వు 125 మిల్లీ ఆంపియర్లు మోసేటప్పుడు దాదాపు 60 వోల్టులు తనే మింగుతుంది. జీజెడ్34 అయితే 225 మిల్లీ ఆంపియర్ల దగ్గర కూడా 17 వోల్టులే. సిలికాన్ డయోడ్ మింగేది ఒక వోల్టు. మెల్లగా సాగే బ్లూస్ వాయించేవాళ్లు 5వై3ని ఇష్టపడతారు. గట్టిగా మీటగానే వోల్టేజి వంగి, మళ్లీ లేచి స్వరానికి ఒక ఊపిరి ఇస్తుంది. దీన్ని సాగ్ అంటారు. బిగువు కావాలంటే అదే అడ్డు. అలాగని 5వై3 ఉన్న సెట్టులో పెద్ద పెద్ద కెపాసిటర్లు దూర్చకూడదు. స్విచ్చి వేయగానే ఖాళీ హౌజు నింపడానికి ఒక్కసారిగా వచ్చే కరెంటు ఆ వాల్వును కాల్చేస్తుంది. దాని హద్దు 20 మైక్రోఫారడ్ల దగ్గర, జీజెడ్34 హద్దు 60 దగ్గర. రెక్టిఫయర్ తర్వాత వచ్చే మొదటి కెపాసిటర్‌కే ఈ హద్దు వర్తిస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. ఈ కెపాసిటర్లలో 400, 500 వోల్టులు నిలిచి ఉంటాయి. ప్లగ్గు పీకేశాక కూడా ఉంటాయి. చేయి తగిలితే ప్రాణం పోవచ్చు. తగిన నిరోధకంతో వాటిని ఖాళీ చేసి, మీటరు పెట్టి సున్నా అని చూసుకున్నాకే లోపల చేయి పెట్టాలి. ఆ పని తెలిసిన మెకానిక్‌కు వదిలేయడమే క్షేమం. స్పీకరు తగిలించకుండా వాల్వు సెట్టును మోగించకూడదన్నది కూడా మరవద్దు. వాల్వులకూ స్పీకరుకూ మధ్య ఉండే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు.

మందాన్ని ముందే తీసేయడం

సరఫరా నిలకడ అయ్యాక కూడా వాల్యూమ్ పెంచితే ముద్ద కడుతుందా? అయితే తప్పు సెట్టుది కాదు, మనం దానికి పెడుతున్న కింది స్వరాలది. నాకు అన్నిటికన్నా ఆశ్చర్యంగా తోచే సంగతి ఇదే: స్వరానికి బిగువు రావాలంటే దేన్నీ కలపనక్కర్లేదు, తీసేయాలి. అదీ మొదట్లోనే తీసేయాలి.

పగిలే వాల్వులోకి రెండు స్వరాలు కలిసి వెళితే వాటి తేడా, వాటి మొత్తం కొత్త స్వరాలుగా బయటికి వస్తాయని దయ్యపు స్వరాల దగ్గర చూశాం. గిటారిస్టులు పవర్ కార్డ్ అనేది లావు తీగ స్వరానికి పంచమం చేర్చడం: 82, 123. వీటి తేడా 41. అంటే సరిగ్గా లావు తీగకు ఒక స్థాయి కింద. చెవికి హాయిగా ఉంటుంది, అందుకే రాక్ సంగీతమంతా ఈ జంట మీద నిలబడింది. అదే 110కి గాంధారం కలిపి చూడండి: 110, 139. తేడా సుమారు 29. అది స్వరంగా కూడా వినిపించదు, అదురుగా వినిపిస్తుంది. పెద్ద తీగల మీద పూర్తి కార్డు పట్టి వాల్యూమ్ పెంచితే ముద్ద అయ్యేది అందుకే. ఈ అదురంతా వాల్వు పగిలేటప్పుడు పుట్టేదే కాబట్టి, పగిలిన తర్వాత టోన్ బిరడా తిప్పి బేస్ తగ్గిస్తే పోయేది కొంతే. కింది స్వరం పై స్వరాలను అప్పటికే పాడు చేసేసింది.

మరి ముందే తీసేయడం ఎలా? వాల్వుకూ వాల్వుకూ మధ్య ఒక చిన్న కెపాసిటర్ ఉంటుంది. మొదటి వాల్వు రేకు మీద ఉన్న వందల వోల్టులు రెండో వాల్వు జాలి మీదికి పోకుండా ఆపి, స్వరాన్ని మాత్రం దాటనిస్తుంది. ఇది లంకె కెపాసిటర్. దుకాణంలో కప్లింగ్ కెపాసిటర్ అని అడగాలి. చిన్నదైతే కింది స్వరాలను ఆపుతుంది, పెద్దదైతే అన్నిటినీ వదులుతుంది. దాని తర్వాత పది లక్షల ఓముల నిరోధకం ఉందనుకుంటే, 0.022 మైక్రోఫారడ్ కెపాసిటర్ 7 హెర్ట్జ్ దాకా వదిలేస్తుంది. గిటారులో 82 కంటే కింద ఏమీ లేదు, మరి 7 దాకా తలుపు తీసి ఉంచడం ఎవరి కోసం? 0.0022 పెడితే హద్దు 72 హెర్ట్జ్‌కు వస్తుంది. నిరోధకం నాలుగు లక్షల డెబ్బై వేల ఓములైతే అదే కెపాసిటర్ 154 దగ్గర మొదలుపెట్టి కింది స్వరాలను మెల్లగా దించుతుంది. కొన్ని రూపాయల ముక్క ఇది, మార్చడం అరగంట పని. ఫలితం మాత్రం కొత్త సెట్టు కొన్నట్టు ఉంటుంది.

ఇలాంటి ముక్క ఇంకొకటి కాథోడ్ దగ్గర ఉంటుంది. మొదటి దశలో వాడే ఈసీసీ83 వాల్వుకు, 12ఏఎక్స్7 అన్నా అదే, కాథోడ్ కింద 1,500 ఓముల నిరోధకం, దానికి పక్కదారిగా 25 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెట్టడం ఆనవాయితీ. ఆ పక్కదారి ఉన్న స్వరాలకు బలం దాదాపు రెట్టింపు. 25 మైక్రోఫారడ్లు 8 హెర్ట్జ్ దాకా దారి తెరుస్తుంది, అంటే గిటారు స్వరాలన్నిటికీ. 0.68 పెడితే 300 పైనున్నవాటికే పూర్తి బలం దక్కుతుంది, కింది స్వరాలు సగం బలంతో నిదానంగా వస్తాయి. వాటిని పూర్తిగా చంపకుండా అణకువలో పెట్టడం ఇది.

ఈ మార్పు చరిత్రలో ఎలా వచ్చిందో చూస్తే ముచ్చటేస్తుంది. ఫెండర్ కంపెనీ 1952లో బాస్‌మన్ అనే సెట్టు తెచ్చింది. పేరులోనే ఉంది, అది బేస్ గిటారు కోసం. కింది స్వరాలన్నీ నిండుగా మోయాలని దాన్ని తీర్చారు. తీరా మామూలు గిటారు వాయించేవాళ్లు దాన్ని ఎగరేసుకుపోయారు. 1962లో లండన్‌లో జిమ్ మార్షల్ మనుషులు ఆ సెట్టునే నమూనాగా పెట్టుకుని తమ మొదటి ఆంప్లిఫయర్ కట్టారు. తర్వాతి సంవత్సరాల్లో గిటారిస్టులు వాల్యూమ్ పెంచుతూ పోయారు, మార్షల్ సర్క్యూట్‌లో కింది స్వరాలు తగ్గుతూ పోయాయి. వాళ్ల లీడ్ నమూనాల్లో కాథోడ్ దగ్గర 0.68, లంకెలో 0.0022 కనిపించడం ఆ కాలం సంగతే. బేస్ కోసం పుట్టిన సర్క్యూట్‌లోంచి బేస్‌ను ఒక్కొక్క మెట్టూ తీసేస్తే, ప్రపంచానికి తెలిసిన ఆ బిగువైన రాక్ గిటారు స్వరం వచ్చింది.

సెట్టు విప్పడం ఇష్టం లేనివాళ్లకు బయట నుంచీ దారి ఉంది. జపాను కంపెనీ ఇబానెజ్ 1970ల చివర ట్యూబ్ స్క్రీమర్ అనే చిన్న పెట్టెను తెచ్చింది, కాలితో నొక్కేది. అది స్వరాన్ని పగలగొట్టే చోట 720 హెర్ట్జ్ కింద ఉన్నవాటిని తగ్గిస్తూ పోతుంది. కరకరలాడే మెటల్ సంగీతం వాయించేవాళ్లు దాని డ్రైవ్ బిరడాను సున్నా దగ్గరా, లెవెల్ బిరడాను చివరి దాకా ఉంచి వాల్వు సెట్టుకు ముందు పెడతారు. పగలగొట్టే పని వాళ్లు ఆ పెట్టెతో చేయించుకోవడం లేదు. కింది స్వరాలను తగ్గించి సెట్టుకు అందించే వడపోతగానే వాడుకుంటున్నారు. పగిలిన తర్వాత, సెట్టు వెనక భాగంలో, కావాల్సినంత బేస్ మళ్లీ కలుపుకుంటారు. అప్పుడు కలిపిన బేస్ దేన్నీ పాడు చేయదు.

జాలి మూసుకుపోయినప్పుడు

గట్టిగా మీటినప్పుడు స్వరం ఒక్క క్షణం మింగేసినట్టయి, తర్వాత బుసకొడుతూ తిరిగొస్తే దానికి కారణం వేరు. జాలి ఎప్పుడూ కాథోడ్ కంటే రుణంగా ఉండాలి. మరీ పెద్ద స్వరం వస్తే అది ఒక్కసారి ధనంగా మారి ఎలక్ట్రాన్లను తనే లాగేసుకుంటుంది. అవి లంకె కెపాసిటర్‌లో పేరుకుపోతాయి. స్వరం తగ్గాక ఆ పేరుకున్న విద్యుత్తు జాలిని బాగా రుణంగా నొక్కి పడుతుంది, వాల్వు మూసుకుపోతుంది. పేరుకున్నది కారిపోయేదాకా అంతే.

అందులో చాలా భాగం కారిపోవడానికి ఎంతసేపు? లంకె కెపాసిటర్ 0.1, నిరోధకం రెండు లక్షల ఇరవై వేల ఓములైతే సెకనులో 22 వెయ్యో వంతులు. లావు తీగ రెండు ఊపులు ఊగేంత కాలం సెట్టు నోరు మూసుకుంటుందన్నమాట. 0.022 పెడితే 5 వెయ్యో వంతుల లోపే చాలావరకు తేరుకుంటుంది. కింది స్వరాలను తగ్గించాలని పెట్టిన చిన్న కెపాసిటరే ఇక్కడా మేలు చేస్తుంది. జాలి కాలికి దగ్గరగా, వరసలో ఒక నిరోధకం చేరిస్తే జాలి లాగే కరెంటు తగ్గుతుంది, పేరుకోవడమూ తగ్గుతుంది. మైకుసెట్టు తయారుచేసినవాళ్లు మాట కోసం చేశారు గానీ ఇంత పెద్ద దెబ్బ కోసం కాదు, కాబట్టి పాత సెట్లలో ఈ నిరోధకం ఉండకపోవచ్చు.

స్పీకరుకు పగ్గం

చివరికి మిగిలింది స్పీకరు. కాగితపు కోను, దాని వెనక తీగచుట్ట, చుట్టూ మెత్తని అంచు. దీనికీ ఒక సొంత ఊపు ఉంటుంది. 12 అంగుళాల గిటారు స్పీకర్లు చాలా వాటికి అది 75 నుంచి 100 హెర్ట్జ్ మధ్య. అంటే సరిగ్గా లావు తీగల చోటే. తీగ ఆగినా కోను తన ఊపు తాను ఊగుతూనే ఉంటుంది.

దాన్ని ఆపే పగ్గం ఆంప్లిఫయర్ చేతిలోనే ఉంది. ఊగే తీగచుట్ట అయస్కాంతం మధ్య తనే చిన్న జనరేటర్‌లా కరెంటు పుట్టిస్తుంది. ఆంప్లిఫయర్ ఆ కరెంటుకు తేలికైన దారి ఇస్తే కోనుకు బ్రేకు పడుతుంది. పెద్ద పవర్ వాల్వులు స్వతహాగా అలాంటి దారి ఇవ్వవు. అందుకని స్పీకరుకు పోయే స్వరంలోంచి కొంచెం వెనక్కి తెచ్చి, ముందు దశలో వ్యతిరేకంగా కలుపుతారు. దీన్ని ఎదురు కలుపు అనవచ్చు, నెగటివ్ ఫీడ్‌బ్యాక్ అంటారు. స్పీకరు దగ్గర స్వరం గిటారు చెప్పిన దానికంటే ఎక్కువైతే ఆ ఎక్కువనే ఇది తీసేస్తుంది. మార్షల్ సెట్లలో ఇది ఉంది. వాక్స్ ఏసీ30లో లేదు, అందుకే ఆ సెట్టు గంటల్లా మెరుస్తూ, కొంచెం విచ్చుకున్నట్టు మోగుతుంది. రెండూ గొప్ప స్వరాలే, బిగువు కావాలన్నప్పుడు మాత్రం మొదటిది. మైకుసెట్లలో సాధారణంగా ఎదురు కలుపు ఉంటుంది, కానీ ఏళ్ల తరబడి రిపేర్లలో ఆ వైరు తెగిపోయో, తప్పు మొనకు పడో ఉండవచ్చు. సెట్టు కీచుమని అరుస్తోందని ఎవరో దాన్ని కత్తిరించి ఉండవచ్చు కూడా. ఒకసారి చూడమని మెకానిక్‌ను అడగండి.

ఓములు సరిపోవాలి. 8 ఓముల స్పీకరును 8 ఓముల మొనకే తగిలించాలి. హారన్లకు లైను ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా పోయే 100 వోల్టుల మొన వేరు, పెట్టెను దానికి తగిలించకూడదు.

ఇక పెట్టె. మార్షల్ నమూనాగా పెట్టుకున్న ఫెండర్ బాస్‌మన్ పెట్టె వెనక తెరిచి ఉంటుంది. జిమ్ మార్షల్ నాలుగు 12 అంగుళాల స్పీకర్లను వెనక మూసిన పెట్టెలో బిగించాడు. మూసిన పెట్టెలోని గాలి కోను వెనక్కి వచ్చినప్పుడల్లా తోస్తుంది, మెత్తని అంచుకు తోడుగా నిలుస్తుంది. తెరిచిన పెట్టెలో ఆ తోపు ఉండదు, కోను ఇష్టమొచ్చినట్టు ఊగుతుంది. మీ పెట్టె వెనక ఖాళీగా ఉంటే 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకను అతుకులు లేకుండా, మరలు దగ్గర దగ్గరగా బిగించి మూసి చూడండి. పలుచని పలక వద్దు, అదే మోగుతుంది. పెట్టెను గది మూలకు నెట్టి పెడితే రెండు గోడలూ నేలా కలిసి కింది స్వరాలను మళ్లీ పెంచేస్తాయి, అప్పటిదాకా లోపల తగ్గించుకున్నదంతా బయట తిరిగొస్తుంది. గోడకు రెండు మూడు అడుగులు ఇవతలికి జరిపి, నేల మీంచి ఒక కుర్చీ ఎత్తున పెట్టి, టోన్ బిరడాలు ముట్టుకోకుండా లావు తీగ ఒక్కటే మీటి వినండి.